భోజనాలయ్యాక చెబుదాం

చావు కబురు ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసనుకునేదాన్ని. కొత్తపేటలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కదా, మా వీధిలో ఎవరు పోయినా ఆ మాట ఇంట్లోవాళ్ళ చెవిన వెయ్యడానికి నన్నే పిలిచేవారు. నాకు ఒకటే పద్ధతి. ముందు మనిషిని అన్నం తిననివ్వాలి. కబురు విన్నాక రెండు రోజులు మెతుకు దిగదు, ఏడవడానికైనా ఓపిక ఉండాలి. ఇది నేను కనిపెట్టిందేం కాదు, మా వైపు అందరూ చేసేదే. కాకపోతే నేను కాస్త గట్టిగా చేసేదాన్ని.

మూడేళ్ళ కిందట అమలాపురంలో బస్సు మాట్లాడుకుని ముప్ఫై ఎనిమిది మందిమి కర్ణాటకలో పాత ఊళ్ళు చూడ్డానికి వెళ్ళాం. బాదామి, ఐహోళె, పట్టదకల్. ఇది తీర్థయాత్ర కాదు, చరిత్ర చూడ్డానికి వెళ్తున్నాం అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నా సగం మంది వినలేదు. అంబాజీపేటలో కొబ్బరికాయల బస్తా ఎక్కించారు. తీరా అక్కడి గుళ్ళు చాలావాటిలో పూజే లేదు. కాయ కొట్టనివ్వని గుడి ఏం గుడండీ అని మొహాలు చిట్లించుకున్నారు. వంటవాడు, గ్యాసు పొయ్యి, బియ్యం, ఆవకాయ, అన్నీ మాతోనే. ఎంత గొప్ప శిల్పం ముందు నిలబెట్టినా పన్నెండు దాటితే మావాళ్ళు అడిగేది పప్పు ఉడికిందా అనే.

నా పక్క సీటు మా ఎదురింటావిడది. వాళ్ళాయన పంతొమ్మిదేళ్ళుగా మస్కట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వచ్చి నెల్లాళ్ళుండి వెళ్ళేవాడు. ఆవిడను ఈ ప్రయాణానికి పట్టుబట్టి పంపింది ఆయనే. తను ఇసకా రోడ్డూ తప్ప ఏమీ చూడలేదట, నువ్వన్నా చూసి నాకు ఫొటోలు పంపు అన్నాడట. ఆవిడ కనపడిన ప్రతి రాయికీ ఫొటో తీసేది. నాకు విసుగొచ్చి, "మీ ఆయన అక్కడ గుడేమైనా కడుతున్నాడా?" అని వెక్కిరించేదాన్ని. ఆవిడ నవ్వేసి ఇంకో ఫొటో తీసేది.

బాదామిలో గుహలకు చాలా మెట్లెక్కాలి. దారి పొడుగునా కోతులు, చేతిలో ఏముంటే అది లాక్కుపోతాయి. నా మోకాళ్ళు సహకరించక నేను కిందే కూలబడ్డాను. ఆవిడ ఫోను నా సంచిలో పడేసి, మిగతావాళ్ళతో పైకి వెళ్ళింది.

పదకొండు గంటలప్పుడు ఆ ఫోను మోగింది. మస్కట్‌లో వాళ్ళాయన గదిలోనే ఉండే రాజోలు మనిషి.

"వదినగారేనాండి?"

"కాదు, ఎదురింటి టీచర్ని. ఆవిడ కొండ మీదుంది. ఏంటి సంగతి?"

"ఆయ్... ఏం లేదండీ. అన్నయ్యకి రాత్రి గుండెల్లో నొప్పొచ్చిందండి. ఆస్పత్రిలో పెట్టేమండి. వదినగారికోసారి ఫోనిస్తారేమోనని చేసేనండి."

ఏం లేదంటూనే ఆస్పత్రి దాకా వచ్చాడు. మా వైపు చావు కబురు ఎవరూ ఒక్కసారిగా చెప్పరు. ముందు ఒంట్లో బాగోలేదంటారు, తర్వాత ఆస్పత్రిలో పెట్టామంటారు, వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా కనపడుతుంది. నేనే ఎంతమందికి అలా మెట్టుమెట్టుగా చెప్పానో. అందుకే ఆయన పోయాడని నాకు అర్థమైపోయిందనుకున్నాను. మనిషి ఉన్నాడా అని అడగలేదు. అడగడం అశుభం అనిపించింది. అడగక్కర్లేదన్న పొగరు కూడా ఉంది.

"భోజనాలయ్యాక నేనే నెమ్మదిగా చెప్పి ఆవిడచేత చేయిస్తాను. అప్పటిదాకా నువ్వు మళ్ళీ చెయ్యకు" అన్నాను, క్లాసులో పిల్లలతో అన్నట్టే.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఫోను ఆఫ్ చేసి సంచి అడుక్కి తోశాను.

వంట ఒంటిగంటన్నరకి గానీ అవదన్నాడు వంటవాడు. ఈలోగా పెద్దవాళ్ళు నలుగురికి చెప్పాను. నలుగురికి చెబితే ముప్ఫై ఆరుగురికీ తెలిసింది. ఒక్కరూ తప్పనలేదు. "మంచి పని చేసేరండి, పాపం తిననివ్వండి" అన్నారు. ఆవిడ కొండ దిగి వస్తూనే ఫోను అడిగింది. ఛార్జింగ్ అయిపోయింది, బస్సులో పెట్టాను అన్నాను. అబద్ధం చాలా సులువుగా వచ్చింది.

బస్సు నీడలో టార్పాలిన్ పరిచి వడ్డించారు. పప్పు, వంకాయ కూర, ముక్కల పులుసు. అందరూ ఆవిడ విస్తరి చుట్టూనే తిరిగారు. ఒకావిడ తన అప్పడం తీసి ఆవిడ విస్తట్లో పెట్టి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏంటండీ, ఈవేళ నన్ను పెళ్ళికూతుర్ని చేస్తన్నారా ఏంటి?" అని ఆవిడ నవ్వింది.

"అన్ని మెట్లెక్కి దిగేవు, తిను" అన్నాను. కడుపు నిండిపోయిందంటే బతిమాలి పెరుగన్నం కలిపించాను. నాకూ బాధగానే ఉంది. అయితే ఇంత కష్టాన్ని ఇంత నేర్పుగా నడిపిస్తున్నానన్న తృప్తి కూడా లోపల ఉంది. అది దాచను.

చెయ్యి కడుక్కున్నాక బస్సు వెనక్కి తీసుకెళ్ళి మొదలుపెట్టాను. ఒంట్లో బాగోలేదట అన్నాను. ఆస్పత్రిలో పెట్టారట అన్నాను. ఆ తర్వాతి మాట ఆవిడ రానివ్వలేదు. "ఫోనియ్యండి" అంది.

ఆన్ చెయ్యగానే, మస్కట్ నుంచి నాలుగుసార్లు చేసినట్టు మెసేజి వచ్చింది. ఆవిడ తిరిగి చేసింది. స్పీకరు నేనే నొక్కాను.

"పోయేడండీ వదినగారూ. పావుగంటయ్యిందండి" అని ఆ రాజోలు మనిషి భోరుమన్నాడు.

పావుగంట కిందట నేను ఆవిడకు పెరుగన్నం తినిపిస్తున్నాను. పదకొండింటికే పోయాడని నేను తీర్మానించిన మనిషి దగ్గర దగ్గర మూడు గంటలు బతికే ఉన్నాడు. ఆ క్షణంలో నా మీద నాకు కలిగినంత అసహ్యం ఇంకెవరి మీదా ఎప్పుడూ కలగలేదు.

"చివర్లో మాట ఉందా?" అని అడిగింది ఆవిడ.

"పొద్దున్నుంచీ మాట్టాడతానే ఉన్నాడండి. మీతో ఓసారి మాట్టాడించమన్నాడండి. కంగారు పడతారని ఆ మాట టీచరుగారితో అన్లేదండి, నాదే బుద్ధి తక్కువ. మళ్ళీ చేస్తే కలవలేదండి."

"కలవలేదంటే ఆయనేమన్నారు?"

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

"భోజనాలయ్యాక చేస్తారంట అని చెప్పేనండి. 'అయితే ఇంక చెయ్యకురా, తిననీ. తిన్నాకే మాట్టాడతాను' అన్నాడండి."