తల్లిని చూడకుండా తెచ్చుకున్న పిల్ల

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నానో లేదో, మనవరాలు పక్కన చేరి ఫోనులో ఒక కుక్కపిల్ల ఫోటో చూపించింది. తెల్లగా, దూది ఉండలా ఉంది. "జేజీ, ఎట్లుంది? డబ్బు కడితే రేపే ఇంటికి తెచ్చిస్తారంట" అంది. "దీని తల్లి యాడుండాది?" అన్నాను. "తల్లితో మనకేం పని జేజీ, మనం కొనేది పిల్లను కదా!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు సరిగదా, ఒళ్ళు మండింది. తల్లిని చూపించనోడి దగ్గర పిల్లను కొంటే నేనీ ఇంట్లో ఉండనని గట్టిగానే కేకలేశాను. పాపం, పిల్ల బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయింది. ఎనభై దాటిన మనిషికి కుక్కపిల్ల మీద అంత కోపమేమిటని కోడలు వింతగా చూసింది. ఆమెకు చెప్పలేదు. మీకు చెబుతాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది, పత్తికొండ తాలూకాలోని ఒక పల్లెలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మాది కడప దగ్గర. నాన్న చర్చిలో వాక్యం చెప్పేవారు. నన్ను బస్సెక్కించి, "దేవుడు తోడుంటాడమ్మా" అన్నారు. ఉన్నాడు, కాదనను. కానీ సాయంత్రం పూట ఎదురుగా కూర్చుని మాట్లాడడు కదా! ఒక ముసలి రైతు భార్య తన మట్టిమిద్దెలో ఓ గది నాకు అద్దెకిచ్చింది. భర్త పోయిన మనిషి. ఊరంతా ఆమెను అవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పొద్దున్నే సద్ది కట్టుకుని చేనికి పోతే పొద్దుగూకాక గానీ వచ్చేది కాదు. బడి వదిలాక పిల్లలు బిలబిలమంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత నేను, నల్లరేగడి మీద నుంచి కొట్టే వేడిగాలి, అంతే. నా గొంతు నేనే మరిచిపోతానేమోనని హాజరుపట్టీలో పేర్లు పైకి చదువుకున్న సాయంత్రాలున్నాయి. నవ్వకండి, పిల్లలు పలికినట్టే ఉండేది.

అందుకే కుక్కను పెంచుకోవాలనుకున్నాను. దొంగల భయమని అందరికీ చెప్పాను. నా గదిలో దొంగకు పనికొచ్చేది ఒక ట్రంకుపెట్టె, అందులో రెండు చీరలు, ఒక బైబిలు. నిజం చెప్పడానికి సిగ్గేసింది. ఒంటరిగా ఉంది పాపమని ఎవరైనా జాలిపడితే ఓర్చుకోలేని వయసు అది. "కుక్కపిల్లకేం తల్లీ, మన గడ్డివామి కింద నాలుగుండాయి, ఒగటి తీస్కో" అంది అవ్వ. నాకు ఊరకుక్క పనికిరాలేదు మరి! చదువుకున్నదాన్ని, నెలజీతం తెచ్చుకునేదాన్ని, దొరలు పెంచే సీమకుక్కే కావాలి. కర్నూలులో గుమాస్తాగా ఉన్న మా అన్న, సీమకుక్కల్ని ఈనించి అమ్మే మనిషి ఒకడున్నాడని ఉత్తరం రాశాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని ఊరికే అన్నారా?

దసరా సెలవులకు కర్నూలు బయలుదేరుతుంటే అవ్వ ఒక జొన్నరొట్టె బట్టలో చుట్టి నా చేతికిచ్చింది. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. కుక్కపిల్లను ఊరికే ఎత్తుకురాకూడదు. ముందు తల్లికి నీ చేత్తో రొట్టె పెట్టాలి. అది తినేదాకా పక్కన కూర్చుని, ఆ తర్వాతే పిల్లను తీసుకోవాలి. "పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను అన్నారు. మీ అత్త నిన్ను అట్లనే ఎంచుకుంటాది పో" అని ఎగతాళి చేసింది. పల్లెటూరి చాదస్తం అనుకుని నేనూ నవ్వాను.

కుక్కలాయన ఇల్లు పాతబస్తీలో ఒక సందు చివర ఉంది. ఒకప్పుడు ఎవరో దొర దగ్గర కుక్కల్ని చూసుకున్నాడట. రాజధాని ఉన్నన్నాళ్ళూ ఆఫీసర్లు ఆయన గుమ్మం ముందు కార్లాపి మరీ కొనుక్కుపోయారట. ఇప్పుడు గుడారాల్లో నడిచిన సర్కారు కచేరీలూ లేవు, కార్లూ లేవు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది. గోధుమరంగు పిల్లను ఒకదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నా రెండు చేతుల్లో సరిపోయింది. అది నా బొటనవేలిని నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. అంతే, నా పని అయిపోయింది. అయినా అవ్వ మాట గుర్తొచ్చి, తల్లికి రొట్టె పెట్టాలన్నాను. లోపల తలుపు వెనక గొలుసు రాసుకున్న చప్పుడైంది. "కొత్తోళ్ళను సూస్తే దానికి పాలు ఇంకిపోతాయమ్మా. శానా ఉసారైన జాతి. రొట్టె ఈడ పెట్టిపో, నేనే పెడతా" అన్నాడు. పెట్టాను. సందు మలుపులో ఒకసారి తిరిగి చూస్తే, ఆయన గుమ్మంలో నిలబడి ఆ రొట్టె తుంచుకుని తింటున్నాడు. చూసి కూడా నేను వెనక్కి పోలేదు. పోతే పిల్లను తిరిగి తీసుకుంటాడేమోనని భయం.

మొదటి వారం రోజులూ నా జీవితంలో పండగ అనే చెప్పాలి. మేకపాలలో దూదిఒత్తి ముంచి తాగించేదాన్ని. అవ్వ చేను నుంచి రాగానే, "ఏం దొరసానీ, కొర్రన్నం తింటావా, లేక నీకు కేకులు గావాల్నా?" అని దాన్ని పలకరించేది. బడి నుంచి నేను వచ్చే వేళకు అది గడప దగ్గర పడుకుని ఉండేది. నన్ను చూసి లేవబోయి, కాళ్ళు ఆనక బొక్కబోర్లా పడేది. ఆ గదిలో నాకోసం ఒక ప్రాణి కనిపెట్టుకుని ఉందంటే ఎంత సంతోషమో! కాకపోతే ఏడుపు ఆపేది కాదు. తల్లి కోసం ఏడుస్తోందని తెలుసు. నేనున్నాను కదా, మానుకుంటుందిలే అనుకున్నాను.

రెండోవారంలో పాలు కక్కడం మొదలుపెట్టింది. పొట్ట ఉబ్బిపోయి, కళ్ళ వెంట పుసి. చేసంచిలో పెట్టుకుని పత్తికొండలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాని నోరు తెరిచి చూసి, "ఎన్నో వారంలో తెచ్చినారమ్మా దీన్ని? ఇది ఇంకా తల్లి దగ్గరుండాల్సిన పిల్ల. కడుపు నిండా పురుగులు, తల్లి నుంచే వచ్చింటాయి. తల్లిని చూసినారా?" అన్నారు. లేదన్నాను. ఎవరి దగ్గర కొన్నానో చెబితే నిట్టూర్చారు. "ఆయప్ప దగ్గర్నుంచి వచ్చినవాటిల్లో ఇది నాకు మూడోది" అన్నారు. మందు ఇచ్చారు గానీ, నా ముఖం చూడకుండా ఇచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం నా ఒళ్ళోనే పోయింది. అవ్వ చేను మానుకుని ఇంట్లోనే ఉంది ఆ రోజు. గట్టు కింద గుంట తవ్వి, మట్టి కప్పి, చేతులు దులుపుకుంటూ, "రొట్టె తినిందా తల్లి?" అని అడిగింది. నేను పక్కనున్న రాయి తెచ్చి ఆ మట్టి మీద పెట్టాను. ఆమెకు అర్థమైంది. ఆ పూట నాకు ఆ కుక్కలాయన మీద వచ్చిన కోపం కన్నా నా మీద నాకు వచ్చిన కోపమే ఎక్కువ. నా ఒంటరితనం పోగొట్టుకోవడానికి పాలు మరవని పిల్లను తల్లి నుంచి విడదీసి తెచ్చుకున్నాను.

క్రిస్మస్‌కు కడప పోతూ కర్నూలులో దిగాను. ఆయన్ను నాలుగు మాటలు కడిగేద్దామని ఆ సందులోకి పోతే తలుపుకు తాళం. గడప ముందు ఒక కుక్క పడుకుని ఉంది. ఎముకల మీద తోలు, వేలాడుతున్న చన్నులు, మెడ చుట్టూ గొలుసు ఒరిసిన పుండు. అదే గోధుమరంగు. పక్కింటి సాయిబుగారి భార్య బయటికొచ్చి చెప్పింది. "ఆయన హైదరాబాదుకు పోయినాడమ్మా. ఆఫీసర్లు యాడుంటే ఆయన బేరం ఆడ. దీనికి ఈతలుడిగినాయి, ఇంగ దీంతో ఏం పని? ఇడిసిపెట్టి పోయినాడు." నేను కూర్చోగానే అది లేచి వచ్చి, పిల్లను మోసిన నా చేసంచిలో మూతి పెట్టింది. వాసన చూస్తూనే ఉంది. సంచి లాక్కోబోతే వదల్లేదు. ఏడ్చేశాను.

తీసుకుపోదామనే అనిపించింది. కానీ పండగ పూట, గజ్జి పట్టిన కుక్కతో పుట్టింటికి ఎలా పోను? కండక్టరు ఎక్కనిస్తాడా? ఇదీ నా చేతుల్లోనే పోతే? బస్టాండు దాకా నా వెంటే వచ్చింది. పది రోజుల్లో తిరిగి వచ్చేటప్పుడు తీసుకుపోతాలే అని దానికి పైకే చెప్పి బస్సెక్కాను.

మాట తప్పలేదు. పదో రోజు పొద్దున్నే ఆ సందులో ఉన్నాను. గడప ఖాళీగా ఉంది. "మొన్నటిదాకా ఉండె తల్లీ. నువ్వు పోయినప్పటి నుంచి పొద్దున్నే బస్టాండుకు పోయేది, పొద్దుగూకితే వచ్చేది. మొన్న పోయింది, ఇంగ రాలా" అంది సాయిబుగారి భార్య. బస్టాండంతా వెతికాను. ఎవరూ చూడలేదన్నారు.

ఆ పది రోజులు నాకు కేకుల, పాటల, చుట్టాల మధ్య ఇట్టే గడిచిపోయాయి. దానికెలా గడిచాయో, కొడుకూ కోడలూ ఆఫీసులకూ మనవరాలు కాలేజీకీ పోయాక పగలంతా వీధి వైపు చూస్తూ కూర్చునే ఈ వయసులో నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.