చంద్రుని దాకా పోని యంత్రం

మా సైన్స్ మేడమ్ తప్పు జవాబును ఎన్నడూ కొట్టేసేవారు కాదు. లెక్క ఎక్కడిదాకా సరిగా వచ్చిందో అక్కడ గీత గీసి, "ఈడిదాక మంచిగనే వచ్చినవ్ బిడ్డా" అనేవారు.

పదో తరగతిలో నేను లెక్కల్లో ఫెయిలయ్యాను. గొర్లు కాసే మా నాయిన, "సదివింది సాలు, రేపటి సంది మందెంట రా" అన్నాడు.

అది తెలిసి మేడమ్ దేవరకొండ నుంచి ఆటోలో మా ఊరికి వచ్చారు. నాయిన మందను దొడ్లోకి తోలుతుంటే పక్కనే నిలబడి మాట్లాడారు. వెనకట చంద్రుని మీదికి పంపిన ఒక యంత్రం సగం దారి కూడా పోకుండానే వెనక్కి పడి కాలిపోయిందని చెప్పారు.

"అయ్యో! గంత కష్టం బూడిదల పోసినట్టేనా మేడమ్?" అన్నాడు నాయిన.

"లేదన్నా. పోయినంత దూరం కొలుసుకుంటనే పోయింది. భూమి సుట్టు కంటికి కనపడని కిరణాలు ఎట్లున్నయో అదే చెప్పింది. దాని ఎన్క పోయినోటికి గదే అక్కరకొచ్చింది."

ఆఖరి గొర్రె లోపలికి పోయాక నాయిన తడిక మూసి, "మల్ల పరీక్ష ఎప్పుడే?" అని నన్ను అడిగాడు.

ఎండాకాలం సెలవులన్నీ మేడమ్ ఇంట్లోనే లెక్కలు చేశాను. ఈసారి పాసయ్యాను. ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను.

మేడమ్ బదిలీ మీద కల్వకుర్తికి వెళ్లిన రోజు నాయిన ఒక గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని బస్టాండుకు వచ్చాడు.

"దీన్ని నేనేం జేసుకోవాలె అన్నా?" అని నవ్వుతూనే, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు మేడమ్.