ఆత్మకూరులో విప్పించిన జెర్సీ

పోయిన వారం కలిగిరి నుంచి ఒక హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, తమ బడి పిల్లలకు క్రీడాస్ఫూర్తి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలని అడిగారు. సరేనన్నాను గాని, ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగలేదు. బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకున్న ఇన్నేళ్లలో ఎదుటి జట్టు మీద నాకు ప్రేమ పుట్టిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. విలేకరులు అడిగితే గెలుపోటములు సమానమని అందరిలాగే చెప్పేదాన్ని. గదికి వచ్చి ఓడిన ఆటను తలుచుకుంటూ పళ్లు నూరుకునేదాన్ని. ఈ గుణం నాకు ఎక్కడ అంటుకుందో బాగా తెలుసు. ఆత్మకూరులో, ఒక బస్సు తలుపు దగ్గర.

మాది సీతారామపురం వైపు పల్లె. గొర్రెలు, మేకలు, వాన కరుణిస్తే కాస్త సజ్జ. నాయన వెంట మందను తోలుకుంటూ ఉదయగిరి కొండ వాలులు ఎక్కి దిగి నా కాళ్లు కొంగ కాళ్లలా సాగాయి. ఉదయగిరిలో చదివేటప్పుడు ఆటల మేడమ్ ఆ కాళ్లు చూసి బంతి చేతిలో పెట్టింది. నాయన కమ్మరి చేత ఇనప చుట్టు ఒకటి చేయించి ఇంటి వెనక గోడకు కొట్టాడు. అది కొలతకు బాగా చిన్నదని చాలా కాలానికి తెలిసింది. అందుకేనేమో, అసలు కోర్టులో రింగు నా కంటికి బావి మూతిలా కనిపించేది. అవ్వ సాయం వేరే రకం. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి తీసిన కాటుకను నా కళ్లకు చెవుల దాకా లాగి దిద్దేది. "ఎదురొచ్చినోళ్లు ముందు నీ కళ్లకి భయపడాల. బంతి సంగతి తర్వాత" అనేది. ఆత్మవిశ్వాసం గురించి ఆ తర్వాత నాకు పెద్ద పెద్ద కోచ్‌లు పాఠాలు చెప్పారు. అవ్వ మాటకు మించి ఎవరూ చెప్పలేదు.

ఆత్మకూరులో ఆడపిల్లల జట్టును నడిపేది ఒక పెద్ద రైతు. ఊరి రాజకీయమంతా ఆయన అరుగు మీదే. ఆయన తమ్ముడి కూతురు జట్టుకు కెప్టెన్. మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. నన్ను ఎంపిక చేసి, కొన్నాళ్లు ఆడించి, జెర్సీ కూడా ఇచ్చారు. నెల్లూరులో పోటీకి బయలుదేరే పొద్దున, బడి చొక్కా మీదే జెర్సీ వేసుకుని బస్సు దగ్గరికి వెళ్లాను. నాయన తువ్వాలులో వేరుశనగ ఉండలు మూట కట్టుకుని సాగనంపడానికి వచ్చాడు. బస్సులో కూర్చున్న అక్క లేచి వెళ్లి వాళ్ల పెదనాయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన దిగి వచ్చి నన్ను కాదు, నాయనను పలకరించాడు.

"ఏందిరా, నీ కూతురు ఆటకొస్తా ఉండాదా, జాతరకొస్తా ఉండాదా? ఆ కాటుకేంది?"

బస్సులో నవ్వులు.

"మేకల వాసన కొడతా ఉండాదంట. పిల్లోళ్లు పక్కన కూర్చోలేమంటా ఉండారు. ఆ జెర్సీ ఇప్పించు."

"అయ్యా, బాగా ఆడతాదని తమరే కదా..."

"ఇప్పించమన్నానా లేదా?"

నాయన నా వైపు చూడలేకపోయాడు. నేనే విప్పాను. అక్క కిటికీలోంచి చెయ్యి చాచి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాక్కుని వేరే పిల్ల ఒళ్లో పడేసింది. బస్సు పోయింది. ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది. తిరుగుదారిలో నాయన ఒకే మాట అన్నాడు. "పొట్టేలు వెనక్కి పోయేది భయపడి కాదు పాపా."

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆడాను. ఏ ఊళ్లో, ఏ జట్టుకు ఆడినా కళ్లకు కాటుక చెవుల దాకా ఉండాల్సిందే. చెమటకు కరిగి చెంపల మీదికి కారేది. చూసేవాళ్లు అదొక స్టైల్ అన్నారు. కుర్రపిల్లలు నన్ను చూసి దిద్దుకోవడం మొదలుపెట్టారు. నాకది స్టైల్ కాదు. మరచిపోకుండా ముఖానికి కట్టుకున్న గుర్తు.

చివరికి ఆత్మకూరులోనే పెద్ద పోటీలు పెట్టారు. అక్క అప్పటికి ఇంకో జట్టులో పేరున్న ఆటగత్తె. ఫైనల్లో మేమిద్దరం ఎదురుపడ్డాం. ఆమెను కాపు కాసే పని నాకే ఇమ్మని మా కోచ్‌ని అడిగి తీసుకున్నాను. ఆట మొదలైనప్పటి నుంచి ఆమెను నీడలా అంటుకున్నాను. ఆమె ఎగిరితే ముందే నేను ఎగిరాను. విసిరిన బంతిని జనంలోకి కొట్టాను. సగం ఆటకే ఆమె బంతి అందుకోవడానికి జంకడం మొదలుపెట్టింది. గెలుపు ఖాయమైపోయాక కోచ్ నన్ను విశ్రాంతి తీసుకోమన్నాడు. "వద్దు సార్, ఇంకా ఆకలి తీరలేదు" అన్నాను. అక్క వాళ్లవైపు బెంచీ మీద కూలబడి తువ్వాలు ముఖాన కప్పుకునే దాకా వదల్లేదు.

కప్పు ఇవ్వడానికి ఆ పెద్దాయనే వచ్చాడు. మైకు పట్టుకుని, "ఈ పిల్ల మన పిల్లే. మొట్టమొదట ఆడించింది నేనే" అన్నాడు. చప్పట్లు. ఆయన చేతిలోని మైకు నేను అందుకున్నాను.

"నిజమే. ఈ పెద్దాయనే నన్ను ఆడించినాడు. మేకల వాసన కొడతా ఉండానని మా నాయన ముందర జెర్సీ ఇప్పించి, బస్సెక్కనీకుండా పంపించింది కూడా ఈయనే. ఇప్పుడు పక్కనే ఉండారు కదా సార్, వాసన చూసి చెప్పండి."

ఆయన ముఖం ఎండిన చెరువులా పగిలింది. ఆ ముఖాన్ని ఈ రోజు తలుచుకున్నా నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగుతుంది.

కిందికి దిగాక అక్క నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ పొద్దు వాసనా లేదు, ఏమీ లేదు. నువ్వు ఆడితే నన్నెవురూ చూడరని నేనే పెదనాయనకి అట్ట చెప్పినాను" అంది. ఆమె క్షమించమని అడగలేదు, నేను క్షమించలేదు. ఆ చిన్న వయసులోనే నన్ను చూసి భయపడిందని తెలియడం మాత్రం కప్పు కంటే తియ్యగా ఉంది.

దీనికి ఫలితం నాయన అనుభవించాడు. ఆ వేసవి ఆ పెద్దాయన మనుషులు ఆత్మకూరు వైపు బీళ్లలోకి మా మందను రానివ్వలేదు. నాయన కొండాపురం దాకా తోలుకుపోవాల్సి వచ్చింది. నేను బాధపడబోతే, "దూరమైతే ఏంది, ఆడ గడ్డి బాగుండాది" అన్నాడు. కర్ర అందుకుంటూ, "మైకు చేతిలో ఉండాది కదా, ఇంకో రెండు మాటలు అనాల్సింది" అని కూడా అన్నాడు.

పిల్లలకు ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. కాలం అన్ని గాయాలనూ మాన్పుతుందని అంటారు. నా విషయంలో అది ఆ పని పెట్టుకోలేదు. బదులు తీర్చుకునే దాకా నన్ను ఆటలో ఉంచింది, అంతే.