బస్సు బోర్డు పరీక్ష

మొన్న కంటి ఆసుపత్రి నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది, ఏడాది అయింది కాబట్టి పరీక్షకు రమ్మని. మా ఆయన అది చూసి, "మంచిగనే కనపడుతున్నది గద, మళ్ల ఎందుకు?" అన్నాడు. అచ్చంగా మా పెద్దనాయన మాట అది. ఆ పూటంతా నా మనసు చిక్కడపల్లిలో పెద్దనాయన ఇంటి చుట్టూనే తిరిగింది.

పెద్దనాయన అంటే మా నాన్నకు అన్న. సర్వే ఆఫీసులో నక్షలు గీసి రిటైరయ్యాడు. వెంట్రుకంత సన్నటి గీతలు గీసిన కళ్ళని ఆయనకు గర్వం, ఆ గర్వాన్ని దాచుకునే అలవాటు బొత్తిగా లేదు. మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణం, దాని పైన రెండో అంతస్తులో ఇల్లు. ఆదివారం పూట ఎవరు వెళ్ళినా ముందు పెద్దమ్మ ఉప్మా పెట్టేది, అది తినేలోపు ఆయన బాల్కనీలోకి పిలిచి పరీక్ష పెట్టేవాడు. నారాయణగూడ వైపు నుంచి బస్సు కనపడీ కనపడకముందే, "చదువు బిడ్డా, ఏం నెంబరు?" అనేవాడు. మనం కళ్ళు చికిలించుకుంటుండగానే నెంబరుతోపాటు అది ఎక్కడికి పోతుందో కూడా చదివేసేవాడు. తప్పినవాళ్ళకు గాజర్లు, అంటే క్యారెట్లు, తినమని, టీవీ బంద్ చేయమని సలహా. ఆయన లెక్కలో కంటి డాక్టరు ఉన్నది ఈ పరీక్ష తప్పినవాళ్ళ కోసమే. దగ్గరి చూపుకు అద్దాలు కావలసివస్తే కోఠి ఫుట్‌పాత్ మీద నాలుగు జతలు పెట్టి చూసుకుని, పేపరు బాగా కనపడిన జత తెచ్చుకునేవాడు. మేమూ అంతే నమ్మాం. బోర్డు చదవగలిగితే కళ్ళు బాగున్నట్టే.

2010 ప్రాంతంలో ఆ ఇంట్లో సామాన్లు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. ఎడమ పక్కన స్టూలు కాలికి తగిలేది. తలుపు అంచు భుజానికి కొట్టుకునేది. మంచినీళ్ళ గ్లాసు మోచేయి తగిలి దొర్లేది. ప్రతిసారీ నేరం పెద్దమ్మదే. "ఇంట్ల ఒక్క సామాను జాగల ఉండదు. జరపకుంటే నీకు తోచదా?" అని విసుక్కునేవాడు. పెద్దమ్మ, తను జరపలేదని చెప్పి, నేల మీద నీళ్ళు తుడుచుకునేది. ఒకసారి మెట్ల దగ్గర కింది దుకాణం ఆయన నన్ను ఆపి, "పెద్దసారు నమస్తే పెడితే చూస్తలేడక్కా, మా మీద ఏమన్న కోపమా?" అని అడిగాడు. వయసుతో పెద్దనాయనకు టెక్కు పెరిగిందనుకుని నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

2012లో నాకు నలభై నిండాయి, బస్సు పరీక్షలో మూడు ఆదివారాలు వరసగా తప్పాను. మూడోసారి పెద్దనాయన చొక్కా తొడుక్కుని, "నడువు బిడ్డా, డాక్టరుకు చూపిద్దాం" అని తనే బయలుదేరదీశాడు. అప్పుడు మేం అశోక్ నగర్‌లో ఉండేవాళ్ళం, నారాయణగూడలో ఇప్పుడు సందేశం పంపిన ఈ ఆసుపత్రే మాకు దగ్గర. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడేది. నాకు అద్దాల నెంబరు రాయడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇక లేవబోతుంటే, "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా చూపు పోయిందా అండీ?" అని అడిగింది. పెద్దనాయనే అందుకున్నాడు. "మా అమ్మకు పోయింది. అది పెద్దతనం డాక్టరమ్మా."

"అయితే మీరూ ఒకసారి కూర్చోండి."

ఆయన సంతోషంగా కూర్చున్నాడు. ఒక్కో కన్నూ మూసుకుని ఆఖరి వరస దాకా గడగడా చదివి నా వైపు చూశాడు. డాక్టరమ్మ మెచ్చుకోలేదు. కంటి ఒత్తిడి కొలిచి, లోపల తెల్లటి గిన్నెలా ఉన్న ఒక యంత్రం ముందు గడ్డం ఆనించమంది. కుడికన్ను మూసేశారు. మధ్యలో చుక్కను చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. యంత్రం చప్పుడు చేస్తూనే ఉంది, ఆయన వేలు కదలడం లేదు. కాసేపటికి, "మీ మిషన్ ఖరాబైనట్టున్నది. లైట్లు వస్తలేవు" అన్నాడు. ఆ తర్వాత నన్ను అదే యంత్రం ముందు కూర్చోబెట్టారు. లైట్లు వచ్చాయి. పైనుంచి, కిందనుంచి, రెండు పక్కల నుంచీ వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా నొక్కాను.

"దీన్ని నీటికాసులు అంటారండీ, గ్లాకోమా," అంది డాక్టరమ్మ, చుక్కలు వేసి ఆయన కంటి నరాన్ని కూడా చూసిన తర్వాత. "నొప్పి ఉండదు. పక్క చూపు ముందు పోతుంది, ఎదురు చూపు చాలాకాలం ఉంటుంది. అందుకే చదవగలుగుతున్నారు. ఎడమకన్ను చాలావరకు దెబ్బతింది, కుడికి ఇప్పుడే మొదలైంది. పోయింది తిరిగి రాదు. మానకుండా చుక్కలు వేసుకుంటే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు." నన్నూ ఏటేటా రమ్మని చెప్పింది, ఇది ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకు కూడా రావచ్చునట.

"ముందుగాల వస్తే?" అన్నాడు పెద్దనాయన.

"చాలా మిగిలేదండీ."

తిరిగి వస్తూ రోడ్డు దాటేటప్పుడు నా చేయి పట్టుకున్నాడు. అంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. అవతలి పక్కకు చేరాక, "గట్లయితే మీ పెద్దమ్మ ఆ స్టూలు ఎన్నడు జరపలే" అన్నాడు.

ఇంటికి వెళ్ళి పెద్దమ్మకు ఆయనే చెప్పాడు. ఆమె కోప్పడలేదు. "జరపలేదని ఎన్నిసార్లు చెప్పిన? నమ్మిండ్రా?" అని మాత్రం అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాతి వారం చుట్టాలందర్నీ ఆసుపత్రికి నడిపించింది ఆయనే, సాకులు చెప్పినవాళ్ళను తిట్టి మరీ.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ రోజు నేను వాళ్ళింట్లోనే భోజనం చేశాను. పెద్దమ్మ ఎప్పుడూ ఆయనకు ఎడమ పక్కన కూర్చునేది. ఆ పూట తన కంచం తీసుకుని కుడి పక్కకు వచ్చి కూర్చుంది. ఆయన అన్నం కలుపుతూ ఆగి, ఆమెను కాసేపు అలాగే చూశాడు.

"నెత్తికి రంగేసుకునుడు ఎప్పుడు బంద్ చేసినవ్?"

"రెండేండ్లాయె" అంది పెద్దమ్మ.

చుక్కల పుణ్యమా అని కుడికంటి చూపు ఆయనకు చివరిదాకా నిలిచింది గానీ, ఆమెను చూడకుండా గడిచిపోయిన ఆ రెండేళ్ళను మాత్రం ఏ మందూ వెనక్కి తెచ్చి ఇవ్వలేకపోయింది.