కర్సినా బుదే చిక్కటి జమూ

కర్సినా బుదే గురించి మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఇప్పుడు ఒకటే మాట చెబుతారు, ఆమె చేతి జమూ తాగి కోళ్ళు చచ్చాయని. అనేవాళ్ళకు నోరేమీ నొప్పెట్టదు. వాళ్ళలో సగం మంది ఆమె జమూ తాగి పెరిగినవాళ్ళే. జ్వరమొస్తే ఆమె, బాలింతకు పాలు పడకపోతే ఆమె, పిల్లాడు అన్నం ముట్టకపోతే ఆమె. ఊరంతా ఆమెను బుదే అనే పిలిచేవాళ్ళం, పెద్దమ్మ అన్న లెక్కలో.

జమూ అంటే దుంపలూ ఆకులూ దంచి కాచిన కషాయం. అది సీసాల్లో నింపి, ఆ సీసాల బుట్టను నడుముకు వారగా, ఒక భుజం మీదుగా గుడ్డతో కట్టుకుని తెల్లవారగానే బయల్దేరేది. ముప్పై ఏళ్ళకు పైగా అదే దారి, అదే నడక. మొగుడు టేకు దుంగ మీదపడి, నెల్లాళ్ళు మంచాన ఉండి పోయినప్పుడు ఆమెకు ఇరవై ఆరు. అత్తగారు చేతిలో రోలు పెట్టి, "ఏడుస్తూనే దంచు, ఆగకు" అందట. ఆ మాట నవ్వుతూ చెప్పేది మాకు.

నోరు మాత్రం మంచిది కాదు. మా ఆయన లెగిమాన్ నేలవేము కషాయం మొహం ముడుచుకుని తాగుతుంటే, "నీ మొహం చూసి నా మందుకి చేదెక్కువవుతోంది. మింగి అవతలకి తిరుగు" అనేది. పెళ్ళయి ఏడాదైనా నీళ్ళోసుకోలేదని దిగులుపడే కోడళ్ళతో, "మందు నీకు కాదే, మీ అత్తకివ్వాలి, నోరు మూతపడేందుకు" అనేది. ఆమెకున్న గర్వమల్లా ఒక్కటే, జమూ చిక్కగా ఉండటం. పక్క ఊరి నుంచి వచ్చే అమ్మకందార్లు ఒక కుండకు రెండు కుండల నీళ్ళు కలిపేవారు. ఈమె గ్లాసు వంచితే అంచుకు పట్టుకుని మెల్లగా దిగేది. బియ్యం నానబోసి, కెంచుర్ అనే వాసన దుంపతో రుబ్బి, చింతపండు రసం, కొబ్బరిబెల్లం వేసి చేసే జమూ ఒకటుంది. కూలికి వెళ్ళేవాళ్ళు అది ఒక గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలనేవారు కాదు. "చిక్కదనం నిజాయితీ. పల్చన చేసేవాళ్ళు దొంగలు" అనేది బుదే. నేనూ నమ్మాను. ఊరంతా నమ్మింది.

కోళ్ళ దగ్గరికి ఆమెను తెచ్చింది నేనే. మాది వెదురు కాళ్ళ మీద కట్టిన షెడ్డు, మూడు వేల కోళ్ళు. కోడిపిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, చాకిరీ మావి. దాణాలో వేసే మందులు కంపెనీ ఆపేశాక ఎండాకాలం వస్తే చాలు, రాత్రి రెండుసార్లు లేచి షెడ్డు చూసొచ్చేదాన్ని. నెల దాటిన కోడికి ఒళ్ళంతా మాంసమే, ఎండ తట్టుకోలేదు. రెక్కలు విడదీసి, నోరు తెరిచి ఆయాసపడుతుంది. దాణా ముట్టదు, రెట్ట నీళ్ళవుతుంది, పొద్దున వెళితే మూలల్లో చచ్చి పడుంటాయి. మూడేళ్ళ కిందట అలాంటి ఒక కోడిని చంకలో పెట్టుకుని బుదే ఇంటికి వెళ్ళాను.

దాని నోరు తెరిచి చూసి, పొట్ట నొక్కి, "మా ఆయన ఆఖరి రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేవాడు" అంది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పసుపు, అడవి పసుపు, వెల్లుల్లి, నేలవేము కలిపి కాచి, పాత పంచెలో వడగట్టి ఇచ్చింది. నీళ్ళ పళ్ళేల్లో కలిపి పెట్టాం. వారానికి రెట్ట గట్టిపడింది. షెడ్డులో కళ్ళు మండించే ఘాటు తగ్గింది. ఎండలోనూ దాణా తిన్నాయి. బుదే వచ్చి చూసుకుని మురిసిపోయేది. "మనుషులకంటే ఇవే నయం. వంకలు పెట్టవు, మొహం ముడవవు."

కంపెనీ ఇచ్చింది తప్ప నీళ్ళలో ఏమీ కలపకూడదని రూలు. తెలిస్తే మళ్ళీ పిల్లల్ని వెయ్యరు. అందుకే కంపెనీ మనిషి రాకముందే, పొద్దున్నే వెనక దారిన తెచ్చేది. ఎవరికి ఇస్తున్నదీ ఇంకొకరికి చెప్పేది కాదు. టేకుతోట అవతల కొత్తగా షెడ్డు వేసిన వార్తినికి మాత్రం నేనే చెప్పాను. చిన్నపిల్ల, మొదటిసారి కోళ్ళు వేసింది. "ఆమెది మంచి చెయ్యి, కళ్ళు మూసుకుని పోసుకో" అన్నాను.

ఈ ఏడాది కంపెనీ వాళ్ళు నీళ్ళ పళ్ళేలు తీసేయించి పైపులు వేయించారు. పైపుకు కింద వరసగా ఇనప ముళ్ళ లాంటివి ఉంటాయి. కోడి ముక్కుతో పొడిస్తే చుక్క రాలుతుంది. పైపులకు నీళ్ళందించే తొట్టిలో పోస్తే, వడగట్టిన కషాయం వాటిలోనూ బాగానే వెళ్ళింది.

మా వైపు అక్టోబరుకు ఎండాకాలం పోయి వానలు పడాలి, ఈసారి చుక్క లేదు. టేకు ఆకులు రాలి నేల పగిలింది. కోళ్ళకు ముప్పై రోజులు నిండాయి, ఇంకో నాలుగు రోజులైతే లారీ వస్తుంది. గురువారం పొద్దున మూలల్లో నలభై చచ్చి ఉన్నాయి. బుదే రాగానే పట్టుకున్నాను.

"చేదు ఆపి, కూలోళ్ళకిచ్చే బియ్యం జమూ ఇవ్వు బుదే."

"అది మనుషులదే. కోళ్ళకెందుకు?"

"అది తాగే గదా వాళ్ళు ఎండలో నిలబడుతున్నారు. ఇవీ నిలబడతాయి. పల్చన చెయ్యమాక."

"పల్చన చెయ్యడమా? నేనా?" అంది, తిట్టినంత కోపంగా. లోపల సంతోషపడింది. ఆమె సంతోషం నాకు తెలుసు.

శుక్రవారం పొద్దున మాకో డబ్బా, వార్తినికో డబ్బా ఇచ్చింది. మగవాళ్ళు పదకొండింటికి స్నానాలు చేసి మసీదుకు వెళ్ళారు. ఊరు సద్దుమణిగింది. ఖాళీ డబ్బా కోసం బుదే వచ్చేసరికి నేను ఫ్యాన్ల దగ్గర ఉన్నాను. కోళ్ళు పైపు కింద గుంపులు కట్టి ముళ్ళను పొడుస్తూనే ఉన్నాయి. అబ్బ, బాగా తాగుతున్నాయి అనుకున్నాను. అంత తెలివి నాది.

బుదే నీళ్ళ తొట్టిలోకి తొంగిచూసింది.

"పొద్దున పోసింది పోసినట్టే ఉందేంటే? ఇంత ఎండలో తాగకుండా ఉంటాయా ఇవి?"

వంగి ముల్లును వేలితో నొక్కింది. చుక్క రాలేదు. పక్కది నొక్కింది. దాని పక్కది నొక్కింది. నేను పైపు చివర బిరడా లాగాను. తెల్లటి పేస్టు వేలెడు పొడుగున జారింది. ఎండకు రేకు కింద పైపు కాగి, బియ్యప్పిండి, బెల్లం లోపలే పులిసి గడ్డకట్టాయి. బుదే దాన్ని నాలిక మీద పెట్టుకుంది.

"నాదే" అంది.

ఆ తర్వాత ఇంట్లో ఉన్న బకెట్లు, బేసిన్లు, వంట మూకుళ్ళు, అన్నం గిన్నెలు అన్నీ నీళ్ళతో నింపి పెట్టాం. కోళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తొక్కిసలాటలో కొన్ని పోయాయి, అప్పటికే కొన్ని పోయాయి. బతికినవి తాగే చప్పుడు షెడ్డంతా నిండింది. ఆరువందలు పోయాయని తర్వాత లెక్క తేలింది.

బుదే ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"వార్తినికి ఫోను చెయ్యవే పార్తీ. దానికీ ఇదే ఇచ్చాను."

ఫోను నా నడుం దగ్గరే ఉంది. నేను కదల్లేదు.

"చెయ్యవే. నాకు నంబర్లూ అవీ తెలీవు."

"ఆ పిల్ల నోరు ఆగదు బుదే. నేను చేస్తే మా పైపులోనూ ఇదే ఉందని ఊరంతా చెబుతుంది. కంపెనీకి తెలిస్తే మాకు మళ్ళీ పిల్లల్ని వేస్తారా? మా షెడ్డు ఏం కావాలి?"

"అక్కడున్నవి ఇంకా బతికున్నాయే."

"అదీ చూసుకునే ఉంటుంది. చేతులు లేవా దానికి?"

నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. బుట్ట కట్టుకునే గుడ్డ తల మీద కప్పుకుని, టేకుతోట వైపు నడిచింది. అటు రెండు కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆమెకు అప్పటికి అరవై మూడేళ్ళు. దారిలో ఒక్క ఇల్లు లేదు, మగవాళ్ళంతా మసీదులో ఉన్నారు.

ఆమె మలుపు తిరిగాక ఫోను చేతిలోకి తీసుకున్నాను. వార్తిని పేరు దాకా వెళ్ళాను. మళ్ళీ నడుంలో దోపుకున్నాను. తర్వాత పైపులన్నీ విప్పి, సబ్బునీళ్ళతో కడిగి, మళ్ళీ బిగించాను. చక్కగా కడిగాను. ఆ సంగతి లెగిమాన్‌కు కూడా చెప్పలేదు.

బుదే వార్తిని షెడ్డుకు చేరేసరికి ఒంటిగంట దాటిందట. దారిలో రెండుసార్లు కళ్ళు తిరిగి కూర్చుందట. వార్తిని తొట్టి నిండుగా ఉందని చూసుకుని, ఇది ఎండ దెబ్బే అనుకుని, కోళ్ళకు విసనకర్రతో విసురుతూ కూర్చుని ఉంది. రెండు వేల కోళ్ళలో ఏడువందలు కూడా మిగల్లేదు.

మర్నాడు కంపెనీ మనిషి ముందు మా షెడ్డుకు వచ్చాడు. పైపులు చూశాడు, ఎండ అని రాసుకున్నాడు. ఆ తర్వాత వార్తిని షెడ్డులో పైపు విప్పితే పేస్టు బయటపడింది. జనం పోగయ్యారు. నేనూ వెళ్ళాను, తేలు కుట్టిన దొంగలా వెనక నిలబడ్డాను. వార్తిని ఏడుపు తప్ప ఏమీ చెప్పలేకపోయింది. బుదే ముందుకు వచ్చింది.

"నేను పోశానయ్యా. నా జమూనే. పిల్లదానికి తెలీదు."

"ఇంకెక్కడ పోశావు? నిజం చెప్పు."

ముందున్న మనిషి వెనక్కి ఇంకా ఒదిగాను. ముప్పై ఏళ్ళలో ఆమె అబద్ధమాడగా ఎవరూ వినలేదు.

"ఇంకెక్కడా లేదు" అంది.

అందరూ వెళ్ళాక దారిలో వెనకాలే పరిగెత్తి ఆమెను అందుకున్నాను. ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"ఒక ఇల్లు కూల్చాను, చాలు. రెండోది నా చేత కూల్పించమాక. ఇంక నా గుమ్మం ఎక్కకు."

ఆ తర్వాత ఆమె జమూ ఎవరూ తాగలేదు. వారం రోజులు నిండు సీసాలతో వెళ్ళి నిండు సీసాలతోనే తిరిగొచ్చింది. పిల్లలు దూరం నుంచి కోడిలా కూసేవారు. ఎనిమిదో రోజు బయల్దేరలేదు. ఇప్పుడు కర్రపెండలం చిప్స్ చేసేవాళ్ళ దగ్గర దుంపలు చెక్కుతోంది. బుట్ట లేకపోయినా ఒక భుజం కిందికే ఉంటుంది. నాతో మాట్లాడదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది, పరాయివాళ్ళకు ఇచ్చినట్టు.

మాకు మళ్ళీ పిల్లల్ని వేశారు. కంపెనీ వాళ్ళే ఎండకు మంచిదని ఒక సీసా ఇస్తున్నారు, దాని మీద ఆకు బొమ్మ. మూత తీస్తే పసుపు వాసన, నేలవేము వాసన. నీళ్ళలా ఉంటుంది, పైపులో ఎక్కడా ఆగదు. పైపులకు పల్చగా ఉండాలని బుదేకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆమె అలాగే చేసి ఉండేది. ఆమెకు పైపుల సంగతి తెలియదు. నాకు తెలుసు. చిక్కగా చెయ్యమన్నది నేను.

వార్తినికి పిల్లల్ని వెయ్యలేదు. షెడ్డు వెదురు పీకి అమ్ముకుని, మా షెడ్డులోనే కూలికి వస్తోంది. పనిమంతురాలు. నిన్న మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఊక ఎత్తుతున్నాం.

"అక్కా, ఆవేళ మీకూ ఇచ్చిందా బుదే?" అంది.

"ఆవేళ మేం తీసుకోలేదు."

"పుణ్యం చేసుకున్నారు." కాసేపు ఊక ఎత్తింది. "ముసల్ది అంత ఎండన పడి నడిచొచ్చింది గానీ, ఎవరిచేతైనా ఒక్క ఫోను చేయించుంటే నా కోళ్ళు దక్కేవి. ఆ మాత్రం తోచలేదు చూడు దానికి."

"పెద్దది కదా, కంగారులో తోచి ఉండదు" అన్నాను. నా గంప నిండలేదు గానీ ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాను.