పులిహోరకి దొరికిన సీటు

పెద్దగా ఖర్చు లేకుండా సముద్రం చూడాలంటే ఒక సులువైన దారి ఉంది. బరంపురంలో మీకొక పిన్ని ఉండాలి. ఆ పిన్నికి చీకటితో లేచి పొయ్యి వెలిగించే అలవాటుండాలి. మిగిలినవన్నీ వాటంతటవే అమరుతాయి.

ఆ పిన్నిని నేనే. కింద మావారి పప్పుల కొట్టు, పైన ఇల్లు. మా వీధి చివర ఆటో ఎక్కితే ఓ గంటలోపే సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్. ఈ సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. సెలవులు దగ్గర పడ్డాయంటే మావారి వైపువాళ్ళకి మా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ఫోన్ చేసి ముందు మా అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతారు. ఆవిడ నొప్పులు చెప్పడం పూర్తికాకముందే, గోపాల్‌పూర్‌లో ఎండలు ఎలా ఉన్నాయంటారు. మోకాళ్ళు ఎందుకు గుర్తొచ్చాయో నాకు అర్థం కాదనుకుంటారు పాపం.

మా వర్తకుల ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. ఇంటికొచ్చిన చుట్టం బయట తిన్నాడంటే ఆ ఇంటికి తలవంపులు. దానికి తోడు గోపాల్‌పూర్ ఒడ్డున ఏ బండి దగ్గర చూసినా రొయ్యలో పీతలో వేగుతుంటాయి. ఆ పొగకే మావాళ్ళు ముక్కు మూసుకుంటారు. అందుకని పొద్దున్నే పులిహోర, దద్దోజనం, వడలు క్యారియర్లకెత్తి ఇవ్వాలి. సాయంత్రం వాళ్ళు ఇసుక కాళ్ళతో మెట్లెక్కే వేళకి అన్నం, చారు పొగలు కక్కుతూ ఉండాలి. ఈ రెండు వంటల మధ్య నేను సముద్రానికి వెళ్ళేదెప్పుడు?

వెళ్ళలేదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ, అదే నిజం. నేను భంజనగర్ నుంచి పెళ్ళయి వచ్చినదాన్ని. అక్కడ ఎటు చూసినా కొండలే. సంబంధం తెచ్చిన పెద్దమనిషికి పెళ్ళికొడుకు గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ దొరకలేదు కాబోలు, పక్కనే సముద్రం ఉందని మాత్రం పదే పదే చెప్పాడు. నేను తలూపింది ఆ మాటకే. కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే మావారు, "నీకేటి, పక్కనే కదా. ఎప్పుడైనా ఎల్లొచ్చు" అన్నారు. పిల్లలు పుట్టి, పెరిగి, వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం ఇప్పటికీ అదే మాట అంటారు, అదే గొంతుతో. ఒక్కసారి కార్తీకంలో వీధిలో ఆడవాళ్ళందరితో వ్యానెక్కి వెళ్ళి మూడు మునకలేసి, తడి చీరతోనే తిరిగొచ్చి పొయ్యి వెలిగించాను. దాన్ని సముద్రం చూడటం అంటే నేను ఒప్పుకోను. నేను కోరింది పెద్దదేమీ కాదు. ఒక సాయంత్రం, ఎవరికీ వడ్డించాల్సిన పని లేకుండా, ఆ ఒడ్డున ఊరికే కూర్చోవాలి.

మొన్న వేసవిలో మా బావగారి కొడుకు, కోడలు, ఆ కోడలి అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి కారులో దిగారు. కారులో ఐదుగురు పడతారు. వచ్చింది నలుగురు. నేను సిగ్గు విడిచి అందరి ముందూ అడిగేశాను, నేనూ వస్తానని. అంతమంది ఎదుట కాదనలేక మావారు, "ఎల్లవే, ఎవలొద్దన్నారు" అన్నారు. రాత్రి వంట కూడా పొద్దున్నే చేసి మూతలు పెట్టేశాను. బీరువాలోంచి నీలం చీర తీసి కట్టుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

తీరా కారు దగ్గరికి వెళితే నా సీటులో క్యారియర్లు కూర్చుని ఉన్నాయి. వాటి పక్కన వీడియోలు తీసే స్టాండు.

"ఏమీ అనుకోకండి అత్తయ్యా," అంది బావగారి కోడలు. "డిక్కీ నిండా సూట్‌కేసులున్నాయి. పులిహోర కింద పెడితే ఒలికిపోతుంది. మీకేముంది, పక్కనే కదా."

వచ్చి ఒక్క పూటయింది, మా ఇంటి మాట అప్పుడే నేర్చేసుకుంది. కొట్టు గుమ్మంలో నిలబడ్డ మావారు కందిపప్పు బస్తా వైపు చూస్తూ ఉండిపోయారు. నేను వండిన పులిహోర నా సీటులో కూర్చుని దర్జాగా సముద్రానికి వెళ్ళింది. నేను మెట్లెక్కి చీర మార్చుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

వారం తిరక్కుండా ఆ పిల్ల తీసిన వీడియో ఫోన్‌కి వచ్చింది. తక్కువ డబ్బుతో ఊళ్ళు తిరగడం ఎలాగో జనానికి నేర్పడం ఆవిడ పనట. నేనూ మా అత్తగారూ వంటింట్లో బియ్యం ఏరుకుంటూ చూశాం. బసకి రూపాయి కూడా అవలేదంది. భోజనానికీ అవలేదంది. ఇసుక మీద నా క్యారియర్ విప్పి, వెనక అలలు కనిపించేలా పట్టుకుని, "చిన్న ట్రిక్ ఏంటంటే ఫ్రెండ్స్, ఫుడ్ మనమే ప్రిపేర్ చేసుకుని తెచ్చుకోవాలి" అంది. మనమేనట. మొదట్లో గుమ్మం దగ్గర క్యారియర్ అందిస్తూ రెండు గాజుల చేతులు కనిపించి మాయమయ్యాయి. వీడియో మొత్తంలో నేను అంతే.

మా అత్తగారు బియ్యం చేట పక్కన పెట్టి ఫోన్ దగ్గరికి లాక్కున్నారు.

"ఆపమ్మీ ఓపాలి. ఆ నీలంగా అగుపిస్తన్నాది సముద్రమేనేటి?"

"అవునత్తా. నువ్వు సూళ్ళేదా?"

"నేనెప్పుడెల్నాను? మీ మాంగారు ఏటేటా ఎల్దామనీవోరు. వచ్చీవోళ్ళు, పొయ్యీవోళ్ళు, ఈ వంటలు. ఆకరికి ఆయన్ని కుండలో ఎట్టి అట్టుకెల్నారు. అప్పుడూ మగోళ్ళే ఎల్నారు. నేను ఇంటికాడే."

మామగారి అస్థికలు కలిపిన ఆ రోజు ఆవిడ ఇంట్లో ఏం చేస్తున్నారో నాకు గుర్తుంది. స్నానాలు చేసి తిరిగొచ్చే మగవాళ్ళ కోసం అన్నం వారుస్తున్నాం, ఇద్దరం. నా కోరిక ఒక్కటే ఈ ఇంట్లో తీరనిదని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. కుమలడానికి నాకంటే ముందు ఇంకొకావిడ అదే పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

సరిగ్గా అప్పుడే బావగారి కొడుకు ఫోన్ చేశాడు. వీడియోకి మంచి పేరొచ్చిందట. వాళ్ళావిడ స్నేహితులు కొందరు ఆదివారం వస్తామంటున్నారట. "వాళ్ళకి పెద్దగా ఏం అక్కర్లేదు పిన్నీ, ఆ పులిహోర ఒక్కటి చాలు" అన్నాడు. ఎంత జాలి గుండె! రమ్మన్నాను.

ఆదివారం నేను పొయ్యి వెలిగించలేదు. పొరుగింటావిడ సాయం పట్టగా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపాను. ఆటో అప్పటికే గుమ్మంలో ఉంది. మావారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చారు.

"అమ్మనట్టుకుని ఎక్కడికే?"

"పక్కకే."

"మరి వచ్చీవోళ్ళకి వంట?"

"మీకేటి, బియ్యం పప్పులూ పక్కనే కదా. ఎప్పుడైనా వండొచ్చు."

 అత్తగారు కొడుకు మొహం చూడకుండా, "పోనీయవా బాబూ, ఎండెక్కిపోతంది" అని ఆటో అతన్ని తొందరపెట్టారు.

దారిలో మొగలి పొదల వాసనకి ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఒడ్డున దించాక ఆటో అతను ఒడియాలో, "మాఉసీ, కేతేబేళే ఫేరిబే?" అన్నాడు. ఎన్నింటికి తిరిగి వెళతామో నాకేం తెలుసు? మేమే ఫోన్ చేస్తామని పంపించేశాను. సిమెంటు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాక గుర్తొచ్చింది, తినడానికి ఏమీ తెచ్చుకోలేదని. ఊరందరికీ క్యారియర్లు కట్టిన ఆడవాళ్ళం, మాకోసం ఒక్క డబ్బా కట్టుకోలేదు. చుట్టూ రొయ్యలు వేగుతున్నాయి. వేరుశనక్కాయల బండి ఒకటి దొరికింది. జన్మలో బయట తిండి ముట్టని మా అత్తగారు నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "సరిగ్గా ఏపలేదు" అన్నారు. అయినా పొట్లం నాకు తిరిగివ్వలేదు.

  అన్ని నీళ్ళు ఎదురుగా ఉంటే నాకు ఎవరి మీద కోపమో కాసేపు గుర్తురాలేదు. ఆ తర్వాత బాగానే గుర్తొచ్చింది.

"అమ్మీ, మీ మాంగారిని కలిపింది ఇందులోనేనా?"

"అవునత్తా."

"ఏ పక్కన?"

నాకు తెలియదు. వెళ్ళింది మగవాళ్ళు. లైట్‌హౌస్ వైపో, పాత రేవు స్తంభాల వైపో, ఎవరూ వచ్చి మాకు చెప్పలేదు. మేం అడగనూ లేదు, వడ్డిస్తున్నాం. ఆ మాటే అన్నాను.

ఆవిడ తల ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పి నీళ్ళన్నీ చూశారు. ఒళ్ళో నా ఫోన్ మోగింది. కొట్టు నంబరు.

"ఎవులు?"

"మీ అబ్బాయి."

"ఎత్తకు," అన్నారు మా అత్తగారు. "నేనింకా సూడ్డం అవ్వలేదు."