ఏడు అక్షరాల మొదటి పేజీ

ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. రాయకూడదు. ఇంగ్లీషులో రాస్తే ఏడు అక్షరాలు, అంతవరకే చెబుతాను. నపల్‌జారి అని పిలుస్తాను. అది మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో ఉండే వార్ల్‌పిరి ఆదివాసుల్లో పుట్టుకతో వచ్చే వరస పేరు. ఊరికి నలభై, యాభై మంది నపల్‌జారిలుంటారు కాబట్టి ఆ మాట అంటే ఎవరికీ బాధ లేదు.

నాకూ ఒక వరస పేరిచ్చారు, నంగాల అని. నేను పుట్టింది మెల్‌బోర్న్ పక్కన. ఆలిస్ స్ప్రింగ్స్ కాలేజీలో డిజైన్ పాఠాలు చెప్పడానికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. నంగాల అంటే నపల్‌జారికి తల్లి వరస, అందుకే మొదటిరోజు నుంచీ ఆ పిల్ల నన్ను పిన్నీ అంది. కాలేజీలో మిగతా టీచర్ల ముందు అలా పిలిపించుకోవడమంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ గర్వం సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు.

చదువుకుందామని వచ్చిన పిల్ల కాదు. తనామీ రోడ్డు మీద మూడు గంటల దూరంలో వాళ్ళ ఊరు. మేనత్తకి మూత్రపిండాలు పాడైతే వారానికి మూడుసార్లు డయాలిసిస్ కోసం ఆలిస్‌లో ఉండాల్సి వచ్చింది. అత్తకి తోడుగా ఈ పిల్లని పంపారు. అత్త పేరే ఈమెకీ పెట్టారు, పెట్టింది నాయనమ్మ. అత్త ఒక్కోసారి ఐదు గంటలు ఆ యంత్రం పక్కన పడుకునేది. ఆ ఐదు గంటలూ ఏం చెయ్యాలో తోచక, పక్క వీధిలో ఉంది కదా అని మా కాలేజీలోకి వచ్చి కూర్చుంది. అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్ళు.

మూడేళ్ళలో ఆమె చేసిన పనులు పన్నెండు దాటవు. చేసినదానికంటే చెరిపేసేదే ఎక్కువ. ఊరి ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ జట్టుకి చొక్కాల మీద బొమ్మ, ముసలమ్మలు ఆకులు మరిగించి చేసే మందుకి డబ్బా మీద చీటీ, డయాలిసిస్ వాళ్ళు ఏం తినొచ్చో ఏం తినకూడదో చెప్పే కరపత్రం. ఆ కరపత్రం దగ్గరే ఆమెకి పట్టుదల మొదలైంది. ఆసుపత్రి వాళ్ళు వార్ల్‌పిరి మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చేసిన కాగితాలు అత్త చదవలేకపోయేది. మాటలు పొడుగు, అక్షరాలు ఇరుకు.

"ఇవి మా మాటల కోసం చేసిన అక్షరాలు కావు పిన్నీ," అంది ఒకరోజు. "వేరేవాళ్ళ చెప్పుల్లో కాళ్ళు దూర్చినట్టుంది."

"అయితే నువ్వు చెయ్యి."

"ఎలా చేస్తారో నాకేం తెలుసు?"

నేర్పేవాళ్ళు అడిలైడ్‌లో ఉన్నారు. అక్షరాల రూపాలు తయారుచేసే స్టూడియో అది. ఏడాదికొకరిని మా ఎడారి వైపు నుంచి తీసుకుని, ఏడాది నేర్పి, బాగుంటే ఉద్యోగంలో ఉంచుకుంటారు. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. చేసిన పనంతా ఒక వెబ్‌సైటులో పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల లింకు పంపాలి. ఆమె నోరు తెరిచి కావాలి అని అడిగింది నేను చూసినంతలో అదొక్కటే.

మొదటి పేజీ దగ్గరే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆమె పెట్టిన పేజీలో పనులున్నాయి, పేరు లేదు.

"పేరేదమ్మా?" అన్నాను.

"పేరెందుకు? పని చూస్తారు కదా."

"చూశాక ఎవరిదని అడుగుతారు. అడక్కముందే చెప్పాలి. నీ పేరే నీ కొట్టు మీద బోర్డు."

"మా ఊళ్ళో కొట్టుకి బోర్డే లేదు. అందరికీ తెలుసు."

"అడిలైడ్ వాళ్ళకి తెలీదు. పెద్దగా పెట్టు. సిగ్గుపడకు."

ఆమె పెదవి విరిచింది కానీ ఎదురు చెప్పలేదు, పిన్నిని కదా. వారం రోజులు కనిపించకుండా పోయి, తర్వాత తెచ్చి చూపించింది. పేజీ నిండా ఆమె పేరే. ఏడు అక్షరాలు, ఏ పుస్తకంలోనూ లేని అక్షరాలు. ఒక్కో అక్షరం మీద నొక్కితే ఒక్కో పని తెరుచుకుంటుంది. సైటు అడ్రసు కూడా ఆ పేరే.

ఆ వంపులు అత్తవి. వాళ్ళ ఆడవాళ్ళు కథ చెబుతూ ఇసుకలో వేలితో గీస్తారు, గీసింది చేత్తో తుడిచేసి మళ్ళీ గీస్తారు. డయాలిసిస్ కుర్చీలో ఇసుకెక్కడిది? అత్త సూది లేని చేత్తో దుప్పటి మీదే గీస్తూ కథ చెప్పేది. ఈ పిల్ల ఆ వేలిని ఫోనులో పట్టి, ఆ కదలికల్లోంచి ఏడు అక్షరాలు తీసింది.

అత్తకి చూపించడానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. వరసకి నేను ఆవిడకి వదినని, కనక మా ఇద్దరి నోటికీ అడ్డుండేది కాదు.

"రా వదినా! నా కోడలికి చదువు చెబుతున్నావా, దానిచేత నీ బట్టలు ఉతికిస్తున్నావా?"

"ఉతికేది నేనే. మీ మహారాణి కూర్చుని గీతలు గీస్తుంది."

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెడితే ఆవిడ చాలాసేపు చూసింది. "ఇది నా పేరే కదే. ఇంత లావుగా ఉందేం?"

"నువ్వు లావే కదత్తా," అంది నపల్‌జారి. నర్సు కూడా నవ్వింది.

"రాసుకోండి, ఉన్నప్పుడే రాసుకోండి. రేపు నేను పోతే దీనికీ పేరుండదు, నాకూ ఉండదు," అంది అత్త. నవ్వుతూనే అంది. ఆ రోజు ఆవిడకి కంగారూ తోక తినాలని ఉంది, నర్సు వద్దంది. దాని మీద పోట్లాటలో ఆ మాట అక్కడే పోయింది.

లింకు పంపాల్సిన వారం మంగళవారం తెల్లవారుజామున అత్త పోయింది.

పది గంటలకి నపల్‌జారి మా తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. బయట వాళ్ళ వాళ్ళ కారు ఆగి ఉంది.

"పిన్నీ, నేనిప్పుడు కుమంజయిని," అంది.

వార్ల్‌పిరి వాళ్ళలో మనిషి పోతే ఆ పేరు కూడా పోతుంది. పోయినవాళ్ళని ఆ పేరుతో అనరు. అదే పేరున్న మనిషి బతికుంటే ఆమెనీ ఆ పేరుతో పిలవరు. ఇద్దరికీ బదులుగా ఒకటే మాట, కుమంజయి. ఫోటోలు దాచేస్తారు, ఇల్లు ఖాళీ చేస్తారు. పేరు మళ్ళీ ఎప్పుడు పలకొచ్చో పెద్దవాళ్ళు చెబుతారు. ఏళ్ళు పడుతుంది. ఇదంతా నాకెవరూ చెప్పక్కర్లేదు. మా కాలేజీ గోడల మీంచి పోయినవాళ్ళ ఫోటోలు నా చేతులతో నేనే ఎన్నిసార్లు దించానో.

"సైటు ఆపెయ్యి," అంది. "మొత్తం. పాస్‌వర్డు నీ దగ్గరుంది కదా. నేను ఊరెళ్తున్నాను."

"ఆపేస్తాను."

"ఇప్పుడే?"

"ఇప్పుడే. నువ్వెళ్ళు తల్లీ, నేను చూసుకుంటాను."

వెళ్ళింది. నేను సైటు ఆపలేదు.

స్టూడియోకి ఫోను చేసి గడువు అడగొచ్చు. అడగలేదు. అంతకుముందు ఏడాది ఇంకొక పిల్ల కోసం అడిగితే, అక్కడి ఫెనెల్లా అనే పెద్దావిడ మెత్తగా, "మీ విద్యార్థులకి ఏటా ఏదో ఒకటి వస్తుంది కదండీ," అంది. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఈసారి మా పిల్ల పని చూసి ఆవిడ నోరు మూతపడాలి. నాకు కావలసింది అదీ. పిల్ల కోసమే చేస్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. లింకు ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ కనబడదు, అడిలైడ్ వాళ్ళకి ఈ సంగతులేం తెలుసు, ఒక్క గంట ఉంచి తీసేస్తే ఎవరికి నష్టం? ఇరవై ఆరేళ్ళు వీళ్ళ మధ్య తిని, తిరిగి, చివరికి నా బుద్ధి గడ్డి తింది.

శుక్రవారం పన్నెండుకి ఇరవై నిమిషాలుండగా పంపాను. పన్నెండుంబావుకి జవాబొచ్చింది. ఫెనెల్లా మిగతావాళ్ళవి తెరిచి కూడా చూడలేదట. "ఈ అమ్మాయి మాది," అని రాసింది. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. ఒంటిగంటకి సైటు ఆపేశాను, మాట నిలబెట్టుకున్న పెద్దమనిషిలాగా.

అప్పటికే స్టూడియో వాళ్ళు ఆ మొదటి పేజీని ఫోటో తీసి పెట్టుకున్నారు. శనివారం పొద్దున మా కొత్త డిజైనర్ అని తమ ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు, మా కాలేజీ పేరు కూడా తగిలించి. మధ్యాహ్నానికి ఆ ఏడు అక్షరాలు తనామీ రోడ్డు పొడుగునా అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయాయి. ఊరి బయట చెట్ల కింద ఏడుపుల గుంపులో కూర్చున్న నాయనమ్మకి ఎవరో ఫోను ఎదురుగా పెట్టి, ఇది చూశావా అన్నారట. కూతురు పోయి ఐదో రోజు.

ఆదివారం బయల్దేరి వెళ్ళాను. గుంపుకి దూరంగా కారు ఆపి, దిగి, పిలిచేదాకా నేల మీద కూర్చున్నాను. గంట దాటాక నాయనమ్మే వచ్చింది. చావుకి వాళ్ళ ఆనవాయితీగా జుట్టు కత్తిరించేసుకుంది, ఒంటి మీద తెల్లమట్టి.

"నీకు తెలీదా నంగాలా?" అంది.

"తెలుసు."

"తెలీనిదానివైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని." ఆవిడ గొంతు పెంచలేదు. "అత్త పోయిన వారం తిరక్కుండానే పేరమ్ముకుని ఉద్యోగం సంపాదించిందని అందరూ నా మనవరాలిని అంటున్నారు. దానికి అన్నం పెట్టేవాళ్ళు లేరు, పక్కన కూర్చునేవాళ్ళు లేరు."

"ఆమె ఆపెయ్యమంది. నేనే ఆపలేదు. పంపింది కూడా నేనే."

"నాతో కాదు. అందరి ముందూ చెప్పు."

లేచి వెళ్ళి చెప్పాను. నాకొచ్చిన వంకర వార్ల్‌పిరిలో, తలెత్తకుండా, తప్పు నాదేనని మూడుసార్లు చెప్పాను. కొందరు తలూపారు. వెనక నుంచి ఒకామె, "టీచరు కదా, తన పిల్లని కాపాడుకుంటోంది," అంది. ఎవరూ ఆమెని కాదనలేదు. నా మాట అక్కడ పనికి రాలేదు. నిజం చెప్పినా అబద్ధంలాగే వినబడింది.

నపల్‌జారి ఒక్కతే వేరే చెట్టు కింద ఉంది. ఆమె జుట్టు కూడా కత్తిరించారు. ముందు క్షమించమన్నాను. ఏం చెప్పాలో తెలియక, సిగ్గు లేకుండా, "వాళ్ళు తీసుకున్నారమ్మా," అన్నాను.

"ఎవర్ని?"

"నిన్నే."

"వాళ్ళు రాసిన పేరు ఎవరిది?"

"నపల్‌జారి అని రాయిస్తాను," అన్నాను. "అంతా వివరంగా చెబుతాను. ఒప్పుకుంటారు. వేరే అక్షరాలు చేద్దువుగాని."

"ఒప్పుకుంటారు పిన్నీ. నేను వెళ్ళొచ్చు కూడా. వెళ్ళిన రోజున వీళ్ళందరూ అన్నది నిజమవుతుంది." ఆమె తన చేతుల కేసి చూసుకుంది. "నాయనమ్మ ఇక్కడే ఉండాలి కదా, వీళ్ళ మధ్యే. ఆ పేరుగల మనిషి లేదని రాసెయ్."

"మూడేళ్ళ పని తల్లీ."

"తెలుసు. చేసింది నేనే కదా," అని అటు తిరిగి కూర్చుంది. నేను ఇంకాసేపు ఉన్నాను. మళ్ళీ ఇటు తిరగలేదు.

సోమవారం పొద్దున ఫెనెల్లాకి రెండు వాక్యాలు రాశాను. ఆ ఫోటో వెంటనే తీసెయ్యండి. ఆ పేరుగల మనిషి ఇక్కడ లేరు.

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది. ఫోటో తీసేశాం, ఏం జరిగిందని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. మంచి మనిషే పాపం. గొంతు తగ్గించి, "రెండు నెలలు గడువు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదండీ," అంది.